చినువా అచెబే

చినువా అచెబే (నవంబరు 16, 1930 - మార్చి 21, 2013) నైజీరియాకు చెందిన సుప్రసిద్ధ ఆంగ్ల నవలా రచయిత. ఇగ్బో జాతి సంప్రదాయ జీవనము, బ్రిటిషు పాలన, మిషనరీల రాకతో అది ఛిన్నాభిన్నమైన తీరు ఇతివృత్తంగా ఇతడు వ్రాసిన తొలి నవల థింగ్స్ ఫాల్ అపార్ట్ (1958) ప్రపంచ ప్రఖ్యాతి పొందింది.

బాల్యము, విద్య

అచెబే స్వగ్రామం ఆగ్నేయ నైజీరియాలోని ఒగిడి. తండ్రి ఐజయా క్రైస్తవం స్వీకరించి మిషన్ ఉపాధ్యాయునిగా, మతబోధకునిగా పనిచేశాడు. ఇంట బైబిలు పఠనం, ఊరిలో పూర్వదేవతల ఉత్సవాలు - బాలుడు రెండింటినీ చూస్తూ పెరిగాడు. 1948లో వైద్యవిద్యకై ఇబాదన్ కళాశాలలో చేరి, ఏడాదికే సాహిత్యం, చరిత్రల వైపు మరలాడు. దానితో ఉపకారవేతనం పోయింది. అన్న అగస్టీన్ తన ప్రయాణానికి దాచుకున్న సొమ్ము ఇచ్చి తమ్ముని చదువు నిలబెట్టాడు. అక్కడ చదివిన జాయిస్ కేరీ నవల మిస్టర్ జాన్సన్‌లో నైజీరియన్ల చిత్రణ అచెబేకు ఏమాత్రం రుచించలేదు. తమ కథ తామే చెప్పుకోవాలన్న పట్టుదల అప్పుడే కలిగింది.

వ్రాతప్రతి కథ

1954లో లాగోస్‌లోని రేడియోలో ఉద్యోగిగా చేరి, తీరిక వేళల్లో నవల వ్రాశాడు. చేతివ్రాత ప్రతి ఒక్కటే ఉండేది. దానిని టైపు చేయించడానికి లండనులోని ఒక సంస్థకు 22 పౌండ్లతో సహా తపాలాలో పంపాడు. నెలలు గడిచినా జవాబు లేదు. చివరకు సహోద్యోగిని ఏంజెలా బీటీ సెలవుపై లండను వెళ్ళినపుడు ఆ కార్యాలయానికి పోయి నిలదీసింది. ఒక మూల పడివున్న ఆ ప్రతిని అప్పుడు టైపు చేసి పంపారు. అది పోయివుంటే తాను వ్రాయడమే మానివేసేవాడినేమోనని ఆయన తరువాత తలచుకున్నాడు. హైనెమన్ సంస్థ మొదట 2,000 ప్రతులు మాత్రమే వేసింది.

నవల

కథానాయకుడు ఒకోంక్వో ఉమువోఫియా గ్రామపు మల్లయోధుడు. తండ్రివలె బలహీనుడనిపించుకుంటానన్న భయమే అతనిని నడిపిస్తుంది. ఆ భయంతోనే, తనను తండ్రిగా భావించిన పిల్లవానిపై కత్తి ఎత్తుతాడు. రచయిత ఇగ్బో సమాజాన్ని స్వర్ణయుగంగా చూపలేదు. కవలలను అడవిలో విడిచే ఆచారాన్ని, ఓసు అనే వెలివాడల వారి దుస్థితిని దాచలేదు. చర్చిని మొదట ఆశ్రయించినవారు ఇటువంటి నిరాదృతులే కావడం గమనార్హం. నవల బలమంతా ఈ నిజాయితీలోనే ఉన్నది.

తరువాతి జీవితము

నో లాంగర్ ఎట్ ఈజ్ (1960), యారో ఆఫ్ గాడ్ (1964) మొదలైనవి ఇతర నవలలు. 1967-70 అంతర్యుద్ధంలో బయాఫ్రా పక్షాన నిలిచాడు. మిత్రుడు, కవి క్రిస్టఫర్ ఒకిగ్బో ఆ యుద్ధంలోనే మరణించాడు. 1990లో కారు ప్రమాదం వలన అచెబే నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఆపై ఎక్కువకాలం అమెరికాలో ఆచార్యునిగా గడిపాడు. 2004లోను, 2011లోను స్వదేశ ప్రభుత్వం ఇవ్వజూపిన జాతీయ గౌరవాన్ని తిరస్కరించాడు. 2007లో మాన్ బుకర్ అంతర్జాతీయ పురస్కారం లభించింది. బోస్టన్‌లో మరణించగా, 2013 మే నెలలో ఒగిడిలో ఖననం చేశారు.