అవినీతికి చట్టంతో కళ్లెం వేసిన దామోదరం సంజీవయ్య గారు

మన వసతి గృహం హాలులో ఎదురు గోడకు నాలుగు పటాలు ఉన్నాయి. డాక్టర్ అంబేద్కర్ గారిని, జ్యోతిరావు ఫూలే గారిని, బాబు జగ్జీవన్ రామ్ గారిని కొత్తగా చేరిన తమ్ముళ్లు కూడా వెంటనే గుర్తుపడతారు. నాలుగవ పటం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. ఆయన ఎవరన్నా అని మమ్మల్ని అడుగుతారు. ఆయన దామోదరం సంజీవయ్య గారు. పుట్టినరోజు ఫిబ్రవరి 14. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా దుకాణాల ముందు గులాబీ పూలు అమ్ముతుంటారు కానీ ఆయన పేరు తలచుకునేవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాము.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనం ఇక్కడ చేరడానికి కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. మాలో కొందరి నాన్నలు వాటి కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడు నాలుగు రోజులు తిరిగారు. తిరిగిన ప్రతి రోజూ కూలి పోయింది. చివరికి చేతిలో కొంత పెడితేనే సంతకం పడింది. ఉచితంగా రావలసిన కాగితానికి డబ్బు ఎందుకు ఇచ్చారని ఇంటికి వచ్చాక అడిగితే, లోకం తీరే అంత అన్నట్టు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు మమ్మల్ని చాలా బాధపెట్టింది. లోకం తీరు అలా ఉండకూడదని ఈ రాష్ట్రంలో 60 ఏళ్లకు ముందే ఒక పేదవాని కొడుకు పూనుకున్నాడని తెలిశాక ధైర్యం కలిగింది.

బాల్యం - విద్య

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా కల్లూరు మండలం పెద్దపాడు గ్రామంలో జన్మించారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. సొంత భూమి లేని మాల కుటుంబం. నేత నేసి, కూలికి పోయి బతికేవారు. బిడ్డ పుట్టిన మూడు రోజులకే తండ్రి చనిపోయారని చెబుతారు. మేనమామ అండతో, తల్లి కష్టంతో ఆ పిల్లవాడు పెరిగాడు. కర్నూలు మునిసిపల్ పాఠశాలలో చదివి, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలో మొదటి స్థానం సంపాదించారు. అనంతపురం దత్తమండల కళాశాలలో 1942లో బి.ఏ. పూర్తి చేశారు. తరువాత చిన్న చిన్న ఉద్యోగాలు చేశారు. ఆ జీతాలతో సరిపెట్టుకోకుండా మద్రాసు వెళ్లి న్యాయశాస్త్రం చదివి, 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

ఆ సంవత్సరమే మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. తొలి ఎన్నికలు జరిగేదాకా దేశానికి ఒక తాత్కాలిక పార్లమెంటు ఉండేది. 29 ఏళ్ల సంజీవయ్య గారు అందులో సభ్యులయ్యారు. తమ్ముళ్లారా, ఈ సంగతి జాగ్రత్తగా చదవండి. మద్రాసు రాష్ట్రంలో కళాశాల సీట్లలో వెనుకబడిన వారికి ఇస్తున్న వాటా చెల్లదని 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆ తాత్కాలిక పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15వ అధికరణంలో 4వ నిబంధనను చేర్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం, షెడ్యూల్డ్ కులాలు, తెగల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని ఆ నిబంధన చెబుతుంది. మనకు కళాశాలలో దొరికే సీటుకు ఆధారం అదే.

మంత్రి నుంచి ముఖ్యమంత్రి

1952లో ఆయన మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ గారి మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం పంతులు గారి దగ్గర, గోపాలరెడ్డి గారి దగ్గర, 1956 తరువాత నీలం సంజీవరెడ్డి గారి దగ్గర మంత్రిగా పనిచేశారు. 1954లో ఉపాధ్యాయురాలు కృష్ణవేణి గారిని వివాహం చేసుకున్నారు.

సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధ్యక్షులై ఢిల్లీ వెళ్లడంతో 1960 జనవరి 11న సంజీవయ్య గారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి 39 ఏళ్లు నిండలేదు. భారతదేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. పార్టీలో ముఠాలు బలంగా ఉన్న రోజులవి. ఆయన పేరు తెరపైకి రాగానే లక్షలు కూడబెట్టాడని ఢిల్లీకి ఫిర్యాదులు వెళ్లాయట. నిజం తెలుసుకోమని నెహ్రూ గారు ఒక మనిషిని పంపారని, అతను ఊరికి వెళ్లి చూస్తే సంజీవయ్య గారి తల్లి పూరి గుడిసె ముందు కట్టెల పొయ్యి మీద వంట చేసుకుంటూ కనిపించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథలో ఎంత నిజమో ఏమో గానీ, జనం ఆ కథను ఆయన మీదే చెప్పుకున్నారు, మరొకరి మీద చెప్పుకోలేదు.

అవినీతి నిరోధక శాఖ

ఆయన పాలన రెండేళ్ల రెండు నెలలు మాత్రమే. ఆ కొద్ది కాలంలోనే దిక్కులేని వృద్ధులకు పింఛను ప్రారంభమైంది. ప్రాథమిక విద్యా చట్టం 1961లో వచ్చింది. లక్షల ఎకరాల బంజరు భూమిని పేదలకు పంచారు. విడివిడిగా ఉన్న హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలను 1960లో ఒకటి చేశారు. వీటిలో ఏ ఒక్కటైనా ఒక పాలకునికి పేరు తెచ్చేదే. అయితే మేము ఇక్కడ ఎక్కువగా చెప్పదలచుకున్నది 1961 జనవరిలో ఏర్పడిన అవినీతి నిరోధక శాఖ గురించి. మనం ఏ.సి.బి. అని పిలుస్తున్నది దానినే.

అంతకు ముందు లంచం కేసులను పోలీసు శాఖలోని సి.ఐ.డి. విభాగం అనేక పనుల మధ్య చూసేది. వాటికి వేరే శాఖే ఉండాలని సంజీవయ్య గారి ప్రభుత్వం నిర్ణయించింది. కేంద్రం సంతానం కమిటీని వేసింది 1962లో. కేంద్ర విజిలెన్స్ కమిషన్ వచ్చింది 1964లో. అంటే ఆ రెండింటి కంటే ముందే మన రాష్ట్రం ఆ దారి పట్టింది.

ఈ శాఖ పని చేసే పద్ధతి మన రసాయనశాస్త్ర ప్రయోగశాలను గుర్తుకు తెస్తుంది. లంచం అడిగినట్టు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందుగా విచారిస్తారు. ఇవ్వబోయే నోట్ల నంబర్లు రాసుకొని, వాటికి ఫినాల్ఫ్తలీన్ పొడి పూస్తారు. సాక్షులను వెంట తీసుకెళతారు. అధికారి నోట్లు అందుకున్నాక అతని వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచుతారు. పొడి అంటుకున్న వేళ్లయితే ద్రావణం గులాబీ రంగుకు మారుతుంది. ఆ నీటిని సీసాలో పోసి సీలు వేసి పరీక్షకు పంపుతారు. తరువాత కోర్టు విచారిస్తుంది. నిందితుడు తన తరఫున వాదించుకోవచ్చు. పై కోర్టుకు వెళ్లవచ్చు. ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు శిక్ష వేయడానికి వీలులేదు.

ఇరుగు పొరుగు దేశాల్లో

ఈ చివరి మాట ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఆ రోజుల్లో మన చుట్టుపక్కల దేశాల్లో ఏం జరుగుతున్నదో చూడాలి. పాకిస్తాన్‌లో 1958 అక్టోబరులో రాజ్యాంగాన్ని రద్దు చేశారు. సైనికాధికారి అయూబ్ ఖాన్ గద్దెనెక్కాడు. బర్మాలో 1962 మార్చి 2న జనరల్ నె విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. అప్పుడు మన సంజీవయ్య గారి పదవీకాలం ఇంకా పది రోజులు మిగిలి ఉంది.

థాయిలాండ్ కథ ఇంకా చిత్రమైనది. అక్కడ ఫీల్డ్ మార్షల్ సరిత్ తనరత్ 1957లో ఒక ప్రభుత్వాన్ని కూలదోశాడు. 1958లో రాజ్యాంగాన్ని, పార్లమెంటును రద్దు చేశాడు. దేశాన్ని శుభ్రం చేస్తానన్నాడు. ఆయన రాయించుకున్న తాత్కాలిక శాసనంలోని 17వ అధికరణం ప్రకారం, కోర్టుతో పని లేకుండా మనుషులకు మరణశిక్ష కూడా వేయవచ్చు. అతన్ని ప్రశ్నించడానికి ఎన్నికైన సభ లేదు, స్వేచ్ఛ గల పత్రిక లేదు. 1963 డిసెంబరులో అతను చనిపోయాడు. ఆస్తి కోసం వారసులు తగాదాపడితే లెక్కలు బయటికి వచ్చాయి. 10 కోట్ల డాలర్లకు పైబడిన సంపద, అందులో ప్రభుత్వ సొమ్ము కూడా ఉన్నట్టు తేలింది. శుభ్రం చేస్తానన్న చేతులే అందరికంటే ఎక్కువ మురికి అయ్యాయి. ఆ దేశంలో 1932 నుంచి 2017 వరకు 20 రాజ్యాంగాలు వచ్చాయి. ప్రజల రాజ్యాంగమని పేరు పొందిన 1997 నాటిది కూడా 2006లో సైన్యం రావడంతో రద్దయింది. 2014లో సైన్యం మళ్లీ వచ్చింది.

మనం నిలబడిన ఈ నేల కూడా కొంతకాలం సైనిక పాలన చూసింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి హైదరాబాదు రాష్ట్రానికి సైనిక గవర్నరుగా పనిచేశారు. కానీ ఆ పాలన అక్కడే ఆగింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. 1952లో సామాన్యులు ఓటు వేశారు. మన రాజ్యాంగానికి వందకు పైగా సవరణలు జరిగాయి కానీ సైనికుడెవరూ దాన్ని చించివేయలేదు.

నాయకులు తింటున్నారు, సైన్యం వస్తేనే బాగుపడుతుంది అని బస్సులో, టీ కొట్టు దగ్గర పెద్దవాళ్లు అనడం మనం వింటుంటాం. కోపంలో మేము కూడా అనుకున్నాము. సంజీవయ్య గారి జీవితం, సరిత్ జీవితం పక్కపక్కన పెట్టి చూశాక ఇక అనలేకపోతున్నాము. లెక్క అడిగేవాడు లేని చోట ఎవరి చేయి అయినా మురికి అవుతుంది, యూనిఫారం వేసుకున్నా సరే. అవినీతి మీద కోపం ఉన్న సంజీవయ్య గారు రాజ్యాంగాన్ని పక్కకు నెట్టలేదు. దాని లోపలే ఒక శాఖను నిలబెట్టారు.

పదవి తరువాత

1962 ఎన్నికల్లో ఆయన కోడుమూరు నుంచి గెలిచారు. అయినా మార్చి 12న ముఖ్యమంత్రి పీఠాన్ని తిరిగి సంజీవరెడ్డి గారికి అప్పగించారు. అలిగి కూర్చోలేదు. ఆ ఏడాదే కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ స్థానానికి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. 1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మికులకు బోనస్‌ను హక్కుగా చేసిన 1965 నాటి చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిందే. మరోసారి కాంగ్రెస్ అధ్యక్ష బాధ్యత మోశారు. 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 51 ఏళ్లు. ఆస్తులు కూడబెట్టలేదని ఆయనను ఎరిగినవారు చెబుతారు. సికింద్రాబాదు పాటిగడ్డలో ఆయన సమాధి ఉంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఆయన పేరుదే. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరు పెట్టారు.

మనం చేయవలసినది

ఆయన పెట్టిన శాఖతో అవినీతి పోయిందా అంటే పోలేదు. మా నాన్నల అనుభవమే సాక్ష్యం. ఆ శాఖ ప్రభుత్వం కిందనే పనిచేస్తుంది. ప్రభుత్వోద్యోగి మీద కోర్టులో కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి రాక నిలిచిపోయే కేసులూ ఉంటాయి. పీఠం మీద కూర్చున్నవారి మనసును బట్టి ఆ శాఖ పదును పెరుగుతుంది, తరుగుతుంది. సంక్షేమ వసతి గృహాల్లో కూడా ఏ.సి.బి. వారు ఆకస్మిక తనిఖీలు చేసి, లేని పిల్లలను హాజరు పట్టీలో చూపిన సంగతులు బయటపెట్టారు. దొంగ హాజరు అంటే మన పళ్లెంలోని అన్నం, మన గుడ్డు, మన పాలు ఎవరో తిన్నట్టే.

కాబట్టి తమ్ముళ్లారా, కొన్ని విషయాలు తెలుసుకోండి. తెలంగాణ ఏ.సి.బి.కి 1064 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. 2018లో సవరించిన చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు 7 రోజుల లోపల ఫిర్యాదు చేస్తే వారిని నేరస్థులుగా చూడరు. ఈ మాట ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు చెప్పండి. మేమూ చెప్పాము. వాళ్లు వెంటనే నమ్మలేదు. అయినా ఈసారి సంతకానికి వెళ్లినప్పుడు మమ్మల్ని తోడు తీసుకెళ్లారు. రసీదు అడిగి తీసుకున్నాము.

మనలో కొందరు రేపు గుమాస్తాలు, తహసీల్దార్లు, వార్డెన్లు అవుతారు. మన సంతకం కోసం ఏదో ఊరి నుంచి కూలి పోగొట్టుకొని ఒక తండ్రి వచ్చి వరుసలో నిలబడతాడు. ఆ రోజు మన వేళ్లు ఏ ద్రావణంలో ముంచినా రంగు మారకుండా ఉండాలి. సంజీవయ్య గారి పటానికి ఏటా మనం వేసే పూలదండకు అప్పుడే అర్థం ఉంటుంది.