మురుగుకు దారి చూపిన మహనీయుడు

లండన్ అనగానే మనకు పెద్ద గడియారం, థేమ్స్ వంతెనలు గుర్తొస్తాయి. ఆ వీధుల కింద ఇటుకతో కట్టిన మరో లోకం ఉందని చాలామందికి తెలియదు. దాన్ని కట్టించినవాడు సర్ జోసెఫ్ బాజల్‌జెట్. ఆయన ఘనతతో పాటు, అది ఎక్కడ ఆగిపోయిందో కూడా మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బాజల్‌జెట్ 1819 మార్చి 28న ఎన్‌ఫీల్డ్‌లో జన్మించాడు. తాత ఫ్రాన్సు నుంచి వలస వచ్చినవాడు. కుర్రతనంలోనే సివిల్ ఇంజనీరింగు నేర్చి, రైల్వే పనుల్లో తెగ శ్రమించి 1847లో మంచాన పడ్డాడు. కోలుకుని 1849లో మురుగు కాలువల కమిషన్‌లో చేరాడు. 1856లో మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ చీఫ్ ఇంజనీరయ్యాడు.

అప్పట్లో నగరం మురుగంతా థేమ్స్‌లోకే. తాగునీళ్ళూ చాలామందికి ఆ నదివే! 1853-54లో కలరా పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు నీళ్ళ వల్ల వస్తుందని డాక్టర్ జాన్ స్నో చెప్పినా, చెడుగాలి వల్లనే అని పెద్దలు పట్టుబట్టారు. 1858 వేసవిలో నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీ తెరలను బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో తడిపి కట్టారు. కంపు తమ ముక్కుకు తగిలాక గాని పాలకులు డబ్బు మంజూరు చెయ్యలేదు.

బాజల్‌జెట్ నదికి సమాంతరంగా 82 మైళ్ళ పెద్ద కాలువలు కట్టించి, మురుగును నదిలో పడకముందే పట్టి, నగరానికి తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్‌ల దాకా మళ్ళించాడు. అక్కడ నిలవచేసి, సముద్రపు పోటు తీసే వేళ నదిలోకి వదిలేవారు. 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు, ఈ కాలువలతో ఇంకా కలవని తూర్పు లండన్‌నే ఎక్కువగా కబళించింది. ఆయన పని విలువ అప్పుడు తెలిసింది. 1875లో పని పూర్తయింది, ఆయనకు సర్ బిరుదు దక్కింది.

అయితే మురుగు మాయమైందా? లేదు, చోటు మారిందంతే. 1878 సెప్టెంబర్ 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే ప్రయాణికుల ఓడ ఆ తూముల దగ్గరలోనే మునిగి ఆరువందల మందికి పైగా చనిపోయారు. గంట ముందే అక్కడ మురుగు వదిలి ఉన్నారు. ప్రజల్లో గగ్గోలు పుట్టింది. 1882లో విచారణకు రాయల్ కమిషన్ వేశారు. ఆపైన సున్నం, ఇనుప లవణం కలిపి మడ్డిని పేరబెట్టి, 1887 నుంచి ఓడల్లో సముద్రానికి తోలారు. ఒక ఓడకు బాజల్‌జెట్ పేరే పెట్టారు. 1891 మార్చి 15న ఆయన కన్నుమూశాడు.

నేను రైతుబిడ్డను. మా ఊరు ఒక పట్నానికి దిగువన ఉంది. పట్నంలో గొట్టం వేశాక వాళ్ళ పని అయిపోయినట్టే. మా కాలువలో నురగ కనిపించేది ఆ తర్వాతే. పచ్చి పేడను మేం పైరుకు వెయ్యం, పెంటకుప్పలో మగ్గనిస్తాం. మురుగూ అంతే. దాన్ని సూక్ష్మజీవులు తినాలి, అందుకు వాటికి ఆక్సిజన్ కావాలి. పచ్చి మురుగును నదిలో వదిలితే ఆ జీవులు నీటిలోని ఆక్సిజన్ వాడేస్తాయి, చేపలు ఊపిరాడక చస్తాయి. గాలిని తొట్లలోనే ఊది ఆ పని ముగించే పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించారు.

1957లో లండన్ దగ్గర థేమ్స్ జీవం లేని నది అని శాస్త్రజ్ఞులు తేల్చారు. శుద్ధి మెరుగుపరిచాక 1974లో సాల్మన్ చేప మళ్ళీ కనిపించింది. మడ్డిని సముద్రంలో పొయ్యడం 1998లో ఆగింది. పెద్ద వాన పడితే పొంగి నదిలో కలిసే మురుగును పట్టడానికి 25 కిలోమీటర్ల సొరంగం 2025లో పూర్తిగా పనిలోకి వచ్చింది.

బాజల్‌జెట్ లక్షల ప్రాణాలు కాపాడాడు, ఆయనకు నమస్కరిద్దాం. కాని మురుగును ఊరు దాటించడం సగం పనే. దిగువనా మనుషులుంటారు. రేపు ఇంజనీర్లు, అధికారులు కాబోయే మిత్రులు ఆ మిగతా సగం మరిచిపోకూడదని నా మనవి.