మూసీని కొలిచిన విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరముపై విరుచుకుపడెను. వంతెనలు మునిగెను, పేటలకు పేటలే కొట్టుకొనిపోయెను, వేలకొలది ప్రజలు మృతిచెందిరి. నది యొడ్డున నున్న చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని కలదు.

నిజాము ప్రభుత్వము పిలుపు పంపినపుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు విదేశయాత్రలో నుండిరి. ఇంటిపేరే వారి పూర్వుల ఊరిని చెప్పుచున్నది. మోక్షగుండము పూర్వపు ప్రకాశం జిల్లాలోనిది. 1860 ప్రాంతమున మైసూరు సీమలోని ముద్దెనహళ్ళిలో ఒక తెలుగు కుటుంబమున వారు జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చినదానితో కళాశాల చదువు సాగించుకొనిరి. పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంత తామే తెరచుకొను తలుపులు అమర్చుటతో వారి పేరు దేశమంతట తెలిసెను.

1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరిన ఇంజనీరు నది గట్లను చూచి, ఎత్తైన గోడలు కట్టుడని చెప్పి వెళ్ళిపోవచ్చును. విశ్వేశ్వరయ్యగారు అట్లు చేయలేదు. నగరమును ముంచిన నీరు నగరములో పుట్టినది కాదు గదా! వారి దృష్టి నదికి ఎగువకు మరలెను. నగరమునకు పైన 860 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతము కలదు. అందలి చెరువులను లెక్కింపగా 788 తేలెను. వానిలో 221 తెగిపోయియుండెను. శంషాబాదులో ఒక్క దినముననే 12.8 అంగుళముల వాన కురిసినట్లు నమోదై యుండెను. పైచెరువు తెగి క్రిందిచెరువును తెంపగా, ఆ నీరంతయు ఒక్కమారు నదిలో పడెను. ఇతర ప్రాంతముల వర్షపాత వివరములను సైతము తెప్పించి, తమ లెక్కలతో పోల్చి చూచిన పిమ్మట ఆ యేడు అక్టోబరులో వారు నివేదిక సమర్పించిరి. మూసీపై నొకటి, దాని ఉపనది ఈసీపై నొకటి, నగరమునకు ఎగువన రెండు జలాశయములు కట్టవలెనని అందలి ముఖ్య సలహా.

పిదప వారు మైసూరు వెళ్ళిరి. చీఫ్ ఇంజనీరు పదవి, 1912 మొదలు ఆరేండ్లు దివానుగిరి, కృష్ణరాజసాగరము: ఆ కథ పాఠ్యపుస్తకములలో నున్నదే. ఇచట గండిపేట చెంత ఉస్మాన్‌సాగరము 1920లో పూర్తియయ్యెను. నవాబు అలీ నవాజ్ జంగు చీఫ్ ఇంజనీరుగ నున్నపుడు, 1927లో, హిమాయత్‌సాగరము నిండెను. వరదను ఆపుటకై తలపెట్టిన కట్టలు నగరమునకు త్రాగునీరు నిచ్చినవి.

విశ్వేశ్వరయ్యగారు పరిశ్రమల పక్షపాతి. పరిశ్రమలు లేని దేశమునకు బ్రతుకు లేదని నమ్మి, జీవితాంతము ఆ మాటనే చాటిరి. నీటి పరిమాణమును అంత నిశితముగ కొలిచిన ఆ కాలపు ఇంజనీర్లకు, నీటిలో కరగి కంటికి కనబడని కృత్రిమ రసాయనములను గూర్చిన చింత లేకపోవుట దోషము కాదు. నాటికి అవి విరివిగ వాడుకలోనికి రాలేదు. 1955లో భారతరత్నమును పొందిన వారు 1962 ఏప్రిల్‌లో కన్నుమూసిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే అమెరికాలో రేచెల్ కార్సన్ రచించిన క్రిమినాశినుల గ్రంథము వెలువడి లోకమును కలవరపెట్టెను.

ఆమె వెనుక వచ్చిన పరిశోధకులు మరియొక సంగతి కనుగొనిరి. మన దేహములోని గ్రంథులు స్రవించు హార్మోనులు అత్యల్పమాత్రముననే ఎదుగుదలను, సంతానోత్పత్తిని శాసించును. కొన్ని కృత్రిమ రసాయనములు వాని వేషము ధరించి శరీరమును మోసగించును. కొన్ని వాని దారికి అడ్డుపడును. విషము కొలదియైనచో హానియు కొలదియే యను పాతలెక్క ఇచట ఎల్లపుడు చెల్లదు. గర్భస్థ శిశువు విషయమున మరియు చెల్లదు. 1991లో థియో కోల్‌బార్న్ పూనికతో విస్కాన్సిన్ రాష్ట్రములోని వింగ్‌స్ప్రెడ్‌లో 21 మంది శాస్త్రజ్ఞులు సమావేశమైరి. పక్షులను, చేపలను, మానవులను వేరువేరుగ పరిశీలించినవారు ఒకచోట కూడినపుడుగాని ఇవన్నియు ఒకే కథయని తెలియలేదు. మన రైతులు ఏండ్ల తరబడి చల్లిన ఎండోసల్ఫాన్ ఆ కోవలోనిదే. 2011 మే 13న సుప్రీంకోర్టు దాని తయారీని, అమ్మకమును, వాడకమును నిలిపివేసెను.

ఇక విశ్వేశ్వరయ్యగారు కొలిచిన నేలకు మరలి వత్తము. మొయినాబాదు ఆ రెండు జలాశయముల నడుమ నున్నది. చేవెళ్ళ దానికి పడమటి దిక్కున నున్నది. కూరగాయలకు, పూలకు పేరుపడిన సీమ యిది. ఇచటి చేనిపై పడిన వాన వాగులై ఆ జలాశయములకే పోవును. నేలపై చల్లినది, కర్మాగారము వదలినది ఆ వెంటనే పోవును. కట్ట వరదను ఆపగలదు గాని, నీటిలో కరగినదానిని ఆపలేదు.

ఈ సత్యమును గుర్తించి 1996 మార్చి 8న ప్రభుత్వము 111వ ఉత్తర్వును వెలువరించెను. జలాశయములకు పది కిలోమీటర్లలోపల కలుషితము చేయు పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాసపు కాలనీలు కూడవని నిషేధించెను. చేవెళ్ళ, మొయినాబాదు మండలముల ఊళ్ళతో కలిపి 84 గ్రామములు దాని క్రిందికి వచ్చినవి. ఆ పరిధిలో ఒక నూనె కర్మాగారము విషయమై వివాదము సుప్రీంకోర్టువరకు పోయెను. 1999 జనవరిలో న్యాయమూర్తులు ఇట్టి విషయము తేల్చుటకు శాస్త్రజ్ఞుల సాయము అవసరమని గుర్తించి, పర్యావరణ అప్పీలు సంస్థ అభిప్రాయమును కోరిరి. అటుపిమ్మట బొంబాయి రసాయన సాంకేతిక విభాగము, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నివేదికలను తెప్పించిరి. హాని లేదని నిరూపించు బాధ్యత కర్మాగారము కట్టదలచినవానిదే యని 1999 తీర్పు చెప్పెను. 2000 డిసెంబరులో కర్మాగారమునకు మినహాయింపు తిరస్కరింపబడెను.

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము 69వ ఉత్తర్వుతో ఆ 84 గ్రామముల ఆంక్షలను సడలించెను. దశాబ్దములుగా భూమిని అమ్ముకొనలేక, కట్టుకొనలేక విసిగిన రైతుల కోరిక అది; వారి కష్టము కల్ల కాదు. జంట జలాశయముల నీటి నాణ్యత చెడరాదను షరతు ఆ ఉత్తర్వులోనే కలదు. 1909లో 788 చెరువులను ఒక్కొక్కటిగ లెక్కించినట్లు ఆ నాణ్యతను వాగు వాగున కొలువవలసియున్నది.