పొగగొట్టం కౌంట్

కౌంట్ రమ్‌ఫర్డ్ పేరు నాకు ఫస్టియర్ ఫిజిక్స్‌లో తగిలింది. ఫిరంగి గొట్టానికి బెజ్జం తొలుస్తుంటే పుట్టే వేడి ఎంతసేపటికీ అయిపోవట్లేదని గమనించి, వేడి ద్రవం కాదు, కదలిక అని 1798లో చెప్పినాయన. పరీక్షకి అది చాలు. నాకు నచ్చింది మాత్రం ఆయన పొయ్యి.

అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. 19 ఏళ్లకే (నా వయసే!) డబ్బున్న వితంతువుని పెళ్లాడాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ వాళ్లకి గూఢచర్యం చేసి, భార్యనీ పసిపాపనీ వదిలేసి లండన్ చెక్కేశాడు. భార్యని మళ్లీ చూడలేదు. తర్వాత మ్యూనిక్‌లో సైన్యాన్ని సరిచేశాడు, బిచ్చగాళ్లకి పనీ, చవకైన సూపూ ఏర్పాటు చేశాడు. కౌంట్ బిరుదు అక్కడున్నప్పుడు వచ్చిందే.

1795లో లండన్ తిరిగొచ్చేసరికి అక్కడి ఇళ్లలో గోడలో పెద్ద గూడులాంటి పొయ్యిలు, వాటిలో బొగ్గు. వేడేమో గొట్టంలోంచి పైకి, పొగేమో గదిలోకి! రమ్‌ఫర్డ్ కొత్త యంత్రమేం పెట్టలేదు. పొయ్యి లోతు తగ్గించాడు. వేడి గదిలోకి కొట్టేలా పక్క గోడల్ని ఏటవాలుగా తిప్పాడు. గొట్టం గొంతుని నాలుగు అంగుళాలకి ఇరుకు చేశాడు. ఇరుకైతే పొగ ఎలా పోతుందని నాకూ డౌటొచ్చింది. గొంతు వెడల్పుగా ఉంటే గదిలో గాలి కూడా దూరి పొగని చల్లబరుస్తుంది, చల్లబడిన పొగ బద్ధకిస్తుంది. ఇరుకైతే వేడిపొగ చకచకా పైకి లాగేస్తుంది. కాసిని ఇటుకలు, ఒక తాపీమేస్త్రీ, అంతే ఖర్చు. పేటెంట్ కూడా తీసుకోకుండా 1796లో ఇదంతా వ్యాసంగా అచ్చేశాడు. జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ అబ్బీ’లో కూడా ఈ పొయ్యి ఉంది.

అయితే గదిలో తగ్గిన పొగ ఊరిమీదికే పోయింది. బొగ్గు తక్కువ కాలినంత మేరకే ఊరికి లాభం. ఇళ్ల బొగ్గుపొగని కట్టడి చేసే చట్టం 1956లో గానీ రాలేదు, అదీ 1952 నాటి పొగమంచు లండన్‌లో వేలమందిని చంపాక.

1799లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టించాడు. తర్వాత పారిస్‌లో లావోజియే భార్యని చేసుకున్నాడు. వేడి ద్రవమే అన్న లావోజియే అప్పటికే గిలటిన్ కింద పోయాడు. ఈ కాపురమూ నిలవలేదు. ఆవిడ అతిథుల్ని రానివ్వకుండా ఈయన గేటుకి తాళమేస్తే, ఆవిడ ఈయన పూలమొక్కల మీద మరిగే నీళ్లు పోసిందట. 1814లో పారిస్ దగ్గర పోయాడు.

ఆ పసిపాప పేరు శారా. పొయ్యిల వ్యాసం వచ్చిన 1796లోనే, ఇరవై దాటిన ఆ అమ్మాయి సముద్రం దాటి లండన్‌లో నాన్న దగ్గరికొచ్చింది.