బ్రాంక్స్‌లో పాఠాలు చెప్పిన విశ్వకిరణాల హెస్

విక్టర్ హెస్ పేరు భౌతికశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిందే. విశ్వకిరణాలను కనుగొన్నందుకు 1936లో నోబెల్ బహుమతి అందుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త. ఆయన చివరి పాతికేళ్లు మన న్యూయార్క్‌ ప్రాంతంలోనే గడిచాయని మాత్రం ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలియదు. నాకూ ఈ ఊరొచ్చాకే తెలిసింది.

1883లో స్టిరియా ప్రాంతంలో, అడవుల పర్యవేక్షణ చూసే ఉద్యోగి ఇంట పుట్టారు. అప్పట్లో శాస్త్రవేత్తలను ఒక ప్రశ్న వేధించేది. గట్టిగా మూసిన పాత్రలోని గాలి కూడా కొద్దిగా విద్యుత్తును ప్రసరింపజేస్తోంది, ఎందుకు? నేలలోని రేడియోధార్మికతే కారణమనుకున్నారు. అలాగైతే పైకి వెళ్లేకొద్దీ అది తగ్గాలి. 1910లో థియోడర్ వుల్ఫ్ ఈఫిల్ టవర్ ఎక్కి కొలిస్తే అనుకున్నంత తగ్గలేదు. హెస్ ఏకంగా బెలూన్ ఎక్కారు.

1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణం. మనవాళ్లు గ్రహణం పూట గడప దాటరు, ఆయన ఆకాశంలోకి వెళ్లారు! సూర్యుడు మరుగైనా కిరణాలు తగ్గలేదు. అంటే వాటికి ప్రధాన మూలం సూర్యుడు కాదు. ఆగస్టు 7న ఆ ఏడాదిలో ఏడో ప్రయాణం, మరో ఇద్దరితో కలిసి. బెలూన్‌లో నింపింది హైడ్రోజన్. నిప్పురవ్వ తగిలితే అంతే సంగతులు. 5,300 మీటర్ల ఎత్తున, చలిలో, ఊపిరాడని పలచటి గాలిలో అంకెలు రాసుకుంటూ కూర్చున్నారు. మొదట కాస్త తగ్గిన రీడింగులు ఆపైన పెరుగుతూ పోయి, నేల మీదికన్నా దాదాపు రెండింతలయ్యాయి. కిరణాలు పైనుంచే వస్తున్నాయని తేలిపోయింది.

బహుమతి వచ్చిన రెండేళ్లకే బతుకు తలకిందులైంది. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. హెస్ భార్యది యూదు మూలాలున్న కుటుంబం. గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఊడింది. దంపతులు స్విట్జర్లాండ్‌కు తప్పించుకుని, అక్కణ్నుంచి అమెరికా చేరారు. యాభై ఐదేళ్ల వయసులో, నోబెల్ ఉండి కూడా, పరాయి దేశంలో మళ్లీ మొదలు! వీసా కాగితాల కోసం బెంగపడే మనకు అదేమిటో కొంత అర్థమవుతుంది. బ్రాంక్స్‌లోని ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయం ఆయనకు ఆచార్య పదవి ఇచ్చింది. 1944లో పౌరసత్వం వచ్చింది.

ఇక్కడా కొలతలు మానలేదు. హిరోషిమా తర్వాత ఎంపైర్ స్టేట్ భవనం పైనుంచి రేడియోధార్మికతను కొలిచారు. నేను రోజూ ఎక్కే ఏ రైలు దారిలో 190వ వీధి స్టేషన్ ఉంది. భూమికి లోతున, రాయి కింద. అక్కడికీ పరికరాలు మోసుకెళ్లారు. 1964లో మౌంట్ వెర్నన్‌లో కన్నుమూశారు.

ఇంతకీ ఆ కిరణాలు ఎక్కడ పుడుతున్నాయి? పేలిపోయిన నక్షత్రాల్లోనని 1934లోనే వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ ఊహించారు. రుజువు చేయడమే కష్టం. విద్యుదావేశం ఉన్న కణాలు పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాల్లో వంకరలు తిరిగి వస్తాయి గనుక, వచ్చిన దిక్కును బట్టి పుట్టిన చోటు చెప్పలేం. గామా కిరణాలు మాత్రం తిన్నగా వస్తాయి. ఫెర్మి అంతరిక్ష టెలిస్కోపు వాటినే పట్టుకుని, ఐసీ 443, డబ్ల్యూ 44 అనే రెండు నక్షత్ర శిథిలాల్లో ప్రోటాన్లు వేగం పుంజుకుంటున్నట్టు 2013లో చూపించింది. హెస్ పోయి అప్పటికి నలభై ఎనిమిదేళ్లు.