నక్షత్రపు గీతలు – కెప్లర్ జీవితము

విద్యార్థులారా! పలకమీద చేయి ఎత్తకుండ ఐదు గీతలతో నక్షత్రమును గీయని బాలుడుండడు. దాని ఐదు కొనలయందలి కోణములను కలిపిన నెంత యగును? చూచుటకిది చిన్న ప్రశ్న. కాని యిట్టి బొమ్మలయందే సృష్టిక్రమమును వెదకుచు, కష్టముల నడుమ జీవితము గడపిన మహనీయు డొకడు కలడు. ఆయనయే యోహానెస్ కెప్లర్.

కెప్లర్ 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన జర్మనీ దేశమందలి వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి కూలికి యుద్ధము చేయు సైనికుడు. ఇల్లు విడిచిపోయి మరల రాలేదు. పసితనమున మశూచి సోకి బాలుని చూపు మందగించెను. అయినను 1577లో తల్లి కతరీనా మెట్టమీదికి తీసికొనిపోయి చూపిన తోకచుక్క వాని మనస్సున నిలిచిపోయెను. విద్యార్థివేతనముతో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరి, మేస్ట్లిన్ అను గురువునొద్ద కోపర్నికస్ సిద్ధాంతమును నేర్చెను.

మతబోధకుడు కావలెనని ఆయన కోరిక. కాని 1594లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమున ప్రొటెస్టెంటు పాఠశాలకు గణితోపాధ్యాయుడుగ పోవలసివచ్చెను. మొదటి సంవత్సరము ఆయన తరగతికి కొలదిమందియే వచ్చిరి. రెండవ సంవత్సరము ఒక్కడును రాలేదు. అధికారులు ఆయనను నిందింపక, ఇతర పాఠములను గూడ అప్పగించిరి.

1595 జూలై 19న, గురు శనులు ఇరువది సంవత్సరముల కొకమారు కలిసికొను స్థానములను ఆయన వృత్తముపై గుర్తించి గీతలతో కలుపుచు పాఠము చెప్పుచుండెను. త్రిభుజముగ మొదలిడిన గీతలు కొంచెము కొంచెముగ జరుగుచు, పెక్కు కొనల నక్షత్రమువలె అల్లుకొని, నడుమ చిన్న వృత్తమును తీర్చెను. గ్రహముల దూరములకు రేఖాగణితమే మూలమని ఆయనకు తోచెను. ఆనాడు కల్పించిన నమూనా తప్పు. కాని దానిని వివరించిన 1596 నాటి గ్రంథమే ఆయనను టైకో బ్రాహీ యను ఖగోళవేత్తకు పరిచయము చేసెను.

1600లో మతము మార్చుకొననందున గ్రాట్జ్ విడువవలసివచ్చి, కెప్లర్ ప్రాగ్ నగరమున టైకోను చేరెను. మరుసటి యేట టైకో మరణించెను. ఆయన విడిచిపోయిన కుజగ్రహపు లెక్కలతో తన గణితమునకు 8 కళల తేడా కనబడెను. డిగ్రీలో ఏడవవంతు కన్న తక్కువ! ఆ కొంచెమును ఉపేక్షింపక, సంవత్సరముల తరబడి శ్రమించి, గ్రహములు దీర్ఘవృత్తమున సంచరించునని 1609లో ప్రకటించెను.

1611లో భార్యయు, ఒక కుమారుడును మరణించిరి. 1612లో ఆయన లింట్జ్ నగరమునకు తరలెను. అచ్చటనుండగా 1619లో వెలువడిన విశ్వసామరస్య గ్రంథమున తన మూడవ గ్రహనియమముతో బాటు నక్షత్రాకార బహుభుజులను శ్రద్ధగా విచారించెను. పంచకోణ నక్షత్రములు పండ్రెండింటితో ఏర్పడు రెండు ఘనరూపములను గూడ అందు వర్ణించెను. 1809లో ఫ్రెంచి గణితజ్ఞుడు పొయన్సో అట్టివి మరి రెండు చేర్చెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. నక్షత్రపు గీతలవెంట నడచుచున్నట్లు భావింపుడు. ప్రతి కొనవద్ద, 180 డిగ్రీలనుండి ఆ కొనకోణమును తీసివేయగా మిగిలినంత తిరుగవలెను. ఐదు కొనలు తిరిగి, మొదటి చోట మొదటి దిక్కునకే ముఖము పెట్టునప్పటికి రెండు పూర్ణ భ్రమణములు, అనగా 720 డిగ్రీలు తిరిగి యుందుము. ఐదు 180లు 900. అందు 720 పోగా 180. కొనలు సమానముగ లేకున్నను మొత్త మింతియే. సమానమైనచో ఒక్కొక్కటి 36. ఏడు బిందువులను ఒక్కొక్కటి విడిచి కలిపిన 540, రెండేసి విడిచి కలిపిన 180 వచ్చును. గీసి చూచుకొనుడు.

ఆ గ్రంథము వెలువడిన మరుసటి యేటనే, మంత్రగత్తె యను నిందపై కెప్లర్ ముసలితల్లిని చెరలో నుంచిరి. నాడట్టి నింద కనేకులు బలియైరి. కెప్లర్ పనులు మాని స్వదేశమునకు పోయి, ఆరోపణల నొక్కొక్కటిగా ఖండించుచు ఆమె పక్షమున వాదించెను. హింసాసాధనములను చూపి బెదరించినను ఆ వృద్ధురాలు లేని నేరము నొప్పుకొనలేదు. పదునాలుగు నెలల పిదప, 1621లో ఆమె విడుదలయ్యెను. మరుసటి యేట కన్నుమూసెను. తోకచుక్కను చూపిన తల్లి ఋణమును కుమారు డిట్లు తీర్చుకొనెను.

1630 నవంబరు 15న రెగెన్స్‌బుర్గ్ నగరమున కెప్లర్ మరణించెను. యుద్ధకాలమున ఆయన సమాధియు నాశనమయ్యెను. కాని గ్రహము లాయన చెప్పిన త్రోవనే నడచుచున్నవి.

బాలబాలికలారా! మన తరగతులు చిన్నవని, చదువువారు కొలదిమంది యని చింతింపకుడు. ఒక్క విద్యార్థియు రాని ఉపాధ్యాయుడు ప్రపంచమునకే గురువయ్యెను. లెక్కలో కొంచెము తేడా వచ్చినను విడువకుడు. కన్నవారికి కష్టము వచ్చినప్పుడు పుస్తకము మూసి లేచి నిలువుడు.