క్లఫ్ దొర తవ్వించిన కాలువ

మాది విజయవాడ. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి కాలువలు కొత్త కాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి. బస్సులో కాలేజీకి వస్తూ రోజూ చూస్తాను. నిజం చెప్పాలంటే ముక్కు మూసుకునే చూస్తాను. కానీ బ్యారేజీకి అవతల, సీతానగరం వైపు నుంచి పోయే పడమటి కాలువ సంగతి పోయిన ఏడాది దాకా నాకు తెలీదు. ఆ నీళ్ళు దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో సాగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువని కలుస్తాయి. ఒకప్పుడు ఇటు పడవ ఎక్కితే మద్రాసులో దిగొచ్చట. ఆ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించింది ఒక మిషనరీ. పేరు జాన్ ఎవరెట్ క్లఫ్. మా అమ్మమ్మ ఆయన్ని క్లఫ్ దొరగారు అంటుంది, నిన్నో మొన్నో చూసొచ్చినట్టు.

నేను ఆయన గురించి వెతకడానికి కారణం భక్తి కాదు, కోపం. క్యాంటీన్‌లో మాటల మధ్య ఒక ఫ్రెండు, మీవాళ్ళంతా కరువులో తిండి కోసం మారినవాళ్ళే కదా అని నవ్వుతూ అనేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అమ్మమ్మ వాళ్ళది ఒంగోలు వైపు. వాళ్ళ పెద్దలు ఆ కరువు తర్వాతే బాప్తిస్మం తీసుకున్నారు. మరి వాడు అన్నది నిజమా కాదా?

క్లఫ్ 1836లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలోనే మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే బృందంలో చేరి ఆ పని బాగా నేర్చుకున్నాడు. అంటే మన సివిల్ బ్రాంచి వాళ్ళ మనిషన్నమాట. లాయరు అవ్వాలని కాలేజీలో చేరాడు. అప్పటికి దేవుడంటే పెద్దగా పట్టింపు లేదు. ఆయన రూమ్మేట్ మాత్రం రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాడట. అది భరించలేక క్లఫ్ సుద్దముక్కతో గది మధ్యలో గీత గీసి, నీ ప్రార్థనలు ఆ పక్కనే అని తేల్చి చెప్పాడంటారు. హాస్టల్లో ఉన్న ఎవరికైనా ఈ సీను వెంటనే అర్థమవుతుంది. తర్వాత కొంతకాలానికి ఆ గీత దాటింది క్లఫ్‌గారే.

ఇక్కడ కథ కాస్త వెనక్కి వెళ్ళాలి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి పని చేస్తున్నా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మూసేద్దామని అమెరికాలో మాటలు నడిచాయి. అలాంటి సమయంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, లైమన్ జూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. సరిగ్గా అప్పుడే ఇటు బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట కడుతున్నారు, 1852లో మొదలై 1855కి పూర్తయింది. అక్కడ వందల మంది కూలీలు రాళ్ళు మోస్తుంటే, ఇక్కడ ఐదుగురు కొండమీద మోకరించారు. ఆ రోజు ఎవరైనా చూసి ఉంటే ఏ పనికి ఫలితం ఉందనేవాళ్ళో ఊహించొచ్చు.

వాళ్ళు అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. క్లఫ్ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అదే ఏడాది తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన మాదిగవారు, తోళ్ళ పని చేసే మనిషి. ఆయన వెనక చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. ఒంగోలులో పెద్ద కులాల వాళ్ళకి అది నచ్చలేదు. వీళ్ళని చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారన్నారు. క్లఫ్ దంపతులకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ చెరో గదిలో ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే, ఒకరికి తెలియకుండా ఒకరికి ఒకే చోటు కనబడిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివరి భాగం. లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. యాదృచ్ఛికమా అంటే నేను చెప్పలేను. ప్రాబబిలిటీ లెక్క వేద్దామనుకుని మానేశాను. నాకు ముఖ్యం అనిపించింది తర్వాతి సంగతి. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్ళు వానల్లేవు. మద్రాసు రాజధాని అంతా శవాలే. ప్రభుత్వ పనుల్లో కూలికి రోజుకో పౌను ధాన్యం, ఒక అణా చాలని లెక్కగట్టిన రోజులవి. క్లఫ్ కూడా వానల కోసం ప్రార్థన చేసే ఉంటాడు. వాన రాలేదు. అప్పుడాయన పాత విద్య బయటికి తీశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, కొలతలు తనే చూసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది వచ్చి మట్టి తవ్వారు, ఏ కులమైనా, ఏ మతమైనా. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బోధకులు వాళ్ళ పక్కన కూర్చుని యేసు గురించి చెప్పేవాళ్ళు.

బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లఫ్ ఇవ్వలేదు. కూలి డబ్బులు తన చేతిలో ఉన్నంతకాలం వీళ్ళ విశ్వాసం దేనికోసమో తనకి తెలియదని ఆయన భయం. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కాలువ పని అయిపోయి, కరువు సాయం ఆగి, ఇంక ఆయన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని అందరికీ తెలిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న ఒంగోలుకి పది మైళ్ళ దూరంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లఫ్ నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606.

ఈ పదిహేను నెలల సంగతి చదివిన రాత్రి నేను అమ్మమ్మ గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. తిండి కోసం అసలెవరూ రాలేదని నేను అనను, ఆకలితో ఉన్న మనిషి మనసులో ఏముందో ఎవరు చూశారు? కానీ ఆ అనుమానం మా ఫ్రెండు కంటే నూట నలభై ఏళ్ళ ముందే క్లఫ్‌కి వచ్చింది. ఆయన దాన్ని జోకుగా వాడుకోలేదు, పదిహేను నెలలు ఆగాడు.

ఆయన 1910లో అమెరికాలో, రోచెస్టర్‌లో చనిపోయాడు. ఆయన జీవితకథను భార్య ఎమ్మా రాసిపెట్టగా 1914లో అచ్చయింది. ఒంగోలులో ఆయన పేరుతో ఆస్పత్రి ఉంది.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. మా నాన్నకి బాగోలేనప్పుడు సంఘమంతా మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసింది. నాన్న దక్కలేదు. అప్పట్నుంచి ప్రార్థన అంటే నేను కళ్ళు మూసుకుంటాను గానీ ఏమీ అడగను. అందుకే క్లఫ్ కథలో నా మనసు 2,222 దగ్గర ఆగదు. వాన రాని ఆ రెండేళ్ళ దగ్గర ఆగుతుంది. అడిగింది దొరకనప్పుడు ఆయన గొలుసు, పార పట్టుకుని ఎండలోకి వెళ్ళాడు. ప్రార్థన మానాడని ఎక్కడా లేదు.

పోయిన జనవరిలో అమ్మమ్మ నన్ను ఒంగోలు కొండ మీదికి తీసుకెళ్ళింది. ఆవిడ మోకాళ్ళు నొప్పి, అయినా ఎక్కింది. పైన ఎండ అప్పుడే పడుతోంది. నా సెమిస్టరు, అమ్మ బీపీ, పక్కింటివాళ్ళ అమ్మాయి పెళ్ళి, ఇలా ఒక్కొక్కటే పేరు పెట్టి ప్రార్థన చేసింది. నాన్న పేరు కూడా వచ్చింది. కింద ఊరు లేస్తోంది. నేను ఈసారి కళ్ళు మూసుకోలేదు, కాలువ ఏ వైపు ఉంటుందా అని తూర్పుకి చూస్తూ నిలబడ్డాను.